గేదె చేపడానికి ఇచ్చే సూదీ, మనిషి మనసూ

ఆక్సిటోసిన్ అనే హార్మోన్ మీద తెలుగులో వచ్చే ఆదివారం వ్యాసాలు ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. బిడ్డను ఎత్తుకుంటే అది ఊరుతుందనీ, కౌగిలించుకుంటే ఊరుతుందనీ, ఊరినప్పుడల్లా ప్రేమా నమ్మకమూ పెరుగుతాయనీ చెప్పి, మీ వాళ్ళను తరచుగా దగ్గరికి తీసుకోండి అన్న సలహాతో ముగుస్తాయి. ఆ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అలాంటి వ్యాసమే ఒకటి తిరిగింది. అందరూ హృదయం బొమ్మలు పెడుతూ ఉంటే, ఉయ్యూరు దగ్గర చాలాకాలం పాడి నడిపిన మా పెదనాన్న మాత్రం “ఇది గేదెలు చేపడానికి పొడిచే సూదే కదరా?” అని అడిగారు. దానికి గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు.

ఆ సూదే. దూడ చచ్చిపోయిన గేదె పాలు చేపకపోతే దొంగచాటుగా వేసే మందూ, కాన్పు గదిలో నొప్పులు రావడానికి సెలైన్‌లో కలిపి ఎక్కించే మందూ, కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మందూ అన్నీ ఒకటే పదార్థం, తొమ్మిది అమైనో ఆమ్లాలు వరుసగా చేరిన ఒక చిన్న పెప్టైడ్. పిట్యూటరీ గ్రంథి సారం గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుందని హెన్రీ డేల్ 1906లోనే గమనించాడు. న్యూయార్క్‌లో విన్సెంట్ డు విన్యో 1953లో దాని నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన దేశంలో పశువులకు దీన్ని విచ్చలవిడిగా వాడుతున్నారని కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించడం, ఆ నిషేధాన్ని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో కొట్టివేయడం పాడి రైతులకూ ప్రసూతి వైద్యులకూ గుర్తుండే ఉంటుంది. ఆ గొడవలో రెండు పక్షాల్లో ఎవరికీ మందు పనిచేస్తుందా లేదా అన్న సందేహం లేదు. పనిచేస్తుంది కాబట్టే తగాదా వచ్చింది.

ఇదే పదార్థాన్ని ముక్కులోకి స్ప్రేగా కొట్టి ఆటిజం ఉన్న పిల్లలకూ, స్కిజోఫ్రీనియా రోగులకూ, మనుషుల్లో కలవలేని వాళ్ళకూ మేలు చేయాలని ఇరవై ఏళ్ళు ప్రయత్నించారు. నిలబడిన ఫలితం దాదాపు ఏమీ లేదు. పశువుల పాకలో అంత కచ్చితంగా పనిచేసేది మానసిక వైద్యుడి గదిలోకి వచ్చేసరికి ఎందుకు చేతులెత్తేసింది? దీని మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. న్యూరోపెప్టైడ్‌కు (నాడీకణాలు సంకేతంగా వదిలే ఇలాంటి పెప్టైడ్‌కు) శరీరంలోనో మెదడులోనో ఫలానా పని ఉంటుంది, దానికి ఫలానా భావం ఉండదు. అలాగే మానసిక వ్యాధికి ఒక పేరు ఉంటుంది గానీ, ఆ పేరు వెనక చెడిపోయిన పని ఒక్కటే ఉండదు. పని ఉన్న అణువును తీసుకుని, దానికి ఒక భావం పేరు తగిలించి, ఆ భావం లోపించినట్టు కనిపించే వ్యాధికి మందుగా రాయడం ఈ రంగంలో జరిగిన అసలు పొరపాటు.

వోల్‌ల నుంచి వచ్చిన ఆశ

ఈ ఆశ గాలిలోంచి పుట్టింది కాదని ఒప్పుకోవాలి. ఇలినాయ్ గడ్డిభూముల్లో లోవెల్ గెట్జ్ అనే జీవశాస్త్రవేత్త బోనులు పెట్టి పట్టిన ప్రెయిరీ వోల్‌లలో (ఎలుకను పోలిన చిన్న జంతువులు) అదే ఆడా అదే మగా కలిసి మళ్ళీమళ్ళీ దొరకడం గమనించాడు. క్షీరదాల్లో జంట కట్టి ఉండేవి చాలా తక్కువ కాబట్టి అది వింతే. స్యూ కార్టర్ ఆ జంటల వెనక ఆక్సిటోసిన్ పాత్రను వెతికింది. థామస్ ఇన్సెల్, లారెన్స్ షపీరో 1992లో, జంట కట్టే ప్రెయిరీ వోల్ మెదడులోనూ జంట కట్టని కొండ వోల్ మెదడులోనూ ఆక్సిటోసిన్ గ్రాహకాలు (కణాల మీద ఉండి దాన్ని అందుకునే అణువులు) వేర్వేరు చోట్ల ఉన్నాయని చూపించారు. పెప్టైడ్ రెండింటిలోనూ అదే, తేడా అంతా దాన్ని అందుకునే చోటులో ఉంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన పరిశీలన ఇదే. విచిత్రమేమిటంటే తర్వాత అందరూ మర్చిపోయింది కూడా దీన్నే. అణువు పేరు పత్రికలకెక్కింది, అది దిగే చోటు సంగతి వెనకబడింది.

అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో లారీ యంగ్ ఈ పనిని జన్యువుల దాకా తీసుకెళ్ళాడు. 2024లో జపాన్‌లో ఆయన హఠాత్తుగా చనిపోయినప్పుడు వచ్చిన నివాళుల్లో చాలావరకు ఆయన్ను ప్రేమ రసాయనం కనిపెట్టిన శాస్త్రవేత్తగా చెప్పాయి. ఆయన పాలుపంచుకున్న పరిశోధనలను వరుసగా చదివితే మాత్రం వేరే చిత్రం కనబడుతుంది. 1996లో కత్సుహికో నిషిమోరి, యంగ్ తదితరులు ఆక్సిటోసిన్ జన్యువు లేని చిట్టెలుకలను తయారుచేశారు. అవి మామూలుగానే ఈనాయి, పిల్లల్ని మామూలుగానే దగ్గరికి తీసుకున్నాయి. కానీ పాలు చేపలేకపోయాయి. పిల్లలు ఆకలితో చచ్చిపోయాయి, తల్లికి ఆక్సిటోసిన్ సూది వేస్తే పాలు దిగి పిల్లలు బతికాయి. తల్లిప్రేమ హార్మోన్ అని పేరుపడినది లేకుండానే ఆ తల్లి ప్రవర్తన నిలబడింది, మా పెదనాన్నకు తెలిసిన పని ఒక్కటే ఆగిపోయింది. 2000లో అదే బృందం నుంచి వచ్చిన మరో పరిశోధనలో, ఆక్సిటోసిన్ లేని మగ చిట్టెలుకలు అంతకుముందు కలిసిన ఎలుకను గుర్తుపట్టలేకపోయాయి. మిగతా వాసనలను అవి బాగానే గుర్తుంచుకున్నాయి, తోటి ఎలుక ఎవరన్నదే మరచిపోయాయి. ఇది ప్రేమ లేకపోవడం కాదు, ఒక రకమైన జ్ఞాపకం లేకపోవడం. ఎంత సన్నని, ఎంత నిర్దిష్టమైన పనో చూడండి.

ఆ తర్వాత 2023 జనవరిలో కాలిఫోర్నియా నుంచి దేవానంద్ మనోలి, నిరావ్ షాల బృందాలు ప్రచురించిన ఫలితం ఈ కథకే ఎదురు తిరిగింది. వాళ్ళు జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో ఆక్సిటోసిన్ గ్రాహకమే లేని ప్రెయిరీ వోల్‌లను పుట్టించారు. పాత లెక్క ప్రకారం అవి జంట కట్టకూడదు. అవి జంట కట్టాయి, పిల్లల్ని కన్నాయి, కొంతమేర పాలు కూడా ఇచ్చాయి. పాలు తక్కువై, పెరిగిన పిల్లల సంఖ్య మాత్రం తగ్గింది. దీనికి ఒక సమాధానం ఉంది: పుట్టుకతోనే గ్రాహకం లేకపోతే మెదడు పెరిగేటప్పుడే మరో దారి వెతుక్కుంటుంది, కాబట్టి పెద్దయ్యాక మందుతో అడ్డుకున్న పాత ప్రయోగాలు తప్పని చెప్పలేం. ఈ సమాధానంలో న్యాయం ఉంది. అయినా అది కూడా నా వాదనకే దగ్గరగా వస్తుంది. అంత ముఖ్యమైన ప్రవర్తనను మెదడు ఒక్క పెప్టైడ్ చేతిలో పెట్టి ఊరుకోదు.

జూరిచ్ ఆట

మనుషుల దగ్గరికి వద్దాం. 2005లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో మైకేల్ కోస్ఫెల్డ్, ఎర్న్‌స్ట్ ఫేర్ తదితరులు ఒక డబ్బు ఆట ఆడించారు. ఒకరు తన సొమ్ములో కొంత ముక్కూమొహం తెలియని రెండోవాడికి పంపుతారు, అది మూడింతలవుతుంది, అందులో ఎంత తిరిగివ్వాలో రెండోవాడి ఇష్టం. ముక్కులోకి ఆక్సిటోసిన్ కొట్టించుకున్న 29 మంది మగవాళ్ళలో 13 మంది ఉన్నదంతా పంపారు, ఉత్తుత్తి స్ప్రే కొట్టించుకున్న 29 మందిలో ఆరుగురే అలా పంపారు. నేచర్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసంతో ఆక్సిటోసిన్ ప్రపంచమంతటా నమ్మకపు అణువైపోయింది. పదమూడుకూ ఆరుకూ మధ్య ఉన్న ఏడుగురి మీద ఎంత పెద్ద మేడ కట్టారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

2020లో కరొలిన్ డిక్లర్క్ బృందం, ఏం చేయబోతున్నామో ముందే ప్రకటించి, 677 మందితో ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేసింది. స్ప్రేకూ నమ్మకానికీ సంబంధం కనబడలేదు. అంతకు నాలుగేళ్ళ ముందే బెల్జియంలోని లూవన్‌లో ఒక ప్రయోగశాల వాళ్ళు ఇంకా అరుదైన పని చేశారు. ఆక్సిటోసిన్ మీద తాము చేసినవాటిలో బల్ల సొరుగులో ఉండిపోయిన ప్రయోగాలన్నీ బయటపెట్టి, ఫలితం వచ్చినవి అచ్చయ్యాయనీ, రానివి, అంటే ఎక్కువభాగం, అచ్చుకాలేదనీ తామే చెప్పుకున్నారు. మధ్యలో నెదర్లాండ్స్ నుంచి కార్స్టెన్ డి డ్రూ, ఈ స్ప్రే మనవాళ్ళ మీద మక్కువ పెంచి పైవాళ్ళను పక్కన పెట్టేలా చేస్తుందని ఫలితాలు చూపాడు. ఆ ఫలితాలకైనా ఎంత బలముందో అని నాకు అనుమానమే. కానీ ఒకే అణువు ఒక ప్రయోగశాలలో విశ్వప్రేమకూ మరో ప్రయోగశాలలో స్వకుల పక్షపాతానికీ కారణమని తేలుతోందంటే, అక్కడ కొలుస్తున్నది అణువు పనినా, పరిశోధకులు దానికి పెట్టిన పేరునా అన్న ప్రశ్న రావాలి.

స్ప్రే కొనమంటావా అన్నయ్యా?

మా పిన్ని కూతురి కొడుక్కి ఆటిజం ఉంది. హైదరాబాదులో ఉంటారు. వారానికి ఇన్ని రోజులు మాట నేర్పే శిక్షణ, ఇన్ని రోజులు చేతిపనుల శిక్షణ అని ఆమె జీవితం ఆ సెంటర్ల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి ఫోన్ చేసి, “అన్నయ్యా, ఆన్‌లైన్‌లో ఆక్సిటోసిన్ స్ప్రే అమ్ముతున్నారట, వీడికి వాడితే కళ్ళలోకి చూస్తాడంటున్నారు, తెప్పించమంటావా?” అని అడిగింది. అప్పటికి కొన్ని చిన్న ట్రయల్స్‌లో కాస్త మేలు కనిపించినట్టు వార్తలు వచ్చి ఉన్నాయి కాబట్టి ఆమె అడగడంలో అమాయకత్వం ఏమీ లేదు. పెద్ద ట్రయల్ ఒకటి జరుగుతోంది, అది తేలేదాకా ఆగమని చెప్పాను. “వీడు ఆగడు కదన్నయ్యా, పెరిగిపోతున్నాడు” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ పెద్ద ట్రయల్ ఫలితం 2021 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 3 నుంచి 17 ఏళ్ళ వయసున్న 290 మంది పిల్లలకు 24 వారాల పాటు కొందరికి ఆక్సిటోసిన్, కొందరికి ఉత్తుత్తి స్ప్రే ఇచ్చి, వాళ్ళు మనుషులకు దూరంగా ముడుచుకుపోవడం ఎంత తగ్గిందో కొలిచారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలాంటి ట్రయల్స్ వ్యాసాలు చదివేటప్పుడు నాకు గుచ్చుకునేది ఉత్తుత్తి స్ప్రే గుంపే. తల్లిదండ్రులు నింపే ప్రశ్నపత్రాల్లో, ఏ మందూ అందని పిల్లలు కూడా బాగుపడుతున్నట్టు కనిపిస్తారు. బిడ్డ మారాలని అంతగా కోరుకునే వాళ్ళ కళ్ళకు మార్పు కనబడటంలో వింత లేదు. కానీ అసలు మందు చేసే మేలు చిన్నదైతే ఆ కోరిక కింద అది పూర్తిగా పూడిపోతుంది.

ఆక్సిటోసిన్‌కు తోబుట్టువనదగ్గ వాసోప్రెసిన్ కథ ఇంకా చిత్రమైనది. ఈ రెండు పెప్టైడ్‌లకూ తేడా రెండు అమైనో ఆమ్లాలే. 2019 మేలో సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ పత్రిక ఒకే సంచికలో రెండు ట్రయల్స్ వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో కేరెన్ పార్కర్ బృందం ఆటిజం ఉన్న 30 మంది పిల్లలలో కొందరికి ముక్కు ద్వారా వాసోప్రెసిన్ ఇస్తే సామాజిక ప్రవర్తన మెరుగైందని చెప్పింది. రోష్ కంపెనీ వాళ్ళు ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో వాసోప్రెసిన్ గ్రాహకాన్ని అడ్డుకునే బాలోవాప్టాన్ మందు ఇచ్చి, తాము ప్రధానంగా ఎంచుకున్న కొలతలో తేడా రాకపోయినా మరో కొలతలో మెరుగైందని చెప్పారు. ఒకరు పెప్టైడ్‌ను పెంచారు, ఒకరు దాని పనిని ఆపారు, ఇద్దరికీ ఆశ కనబడింది! పిల్లల మెదడు వేరు, పెద్దల మెదడు వేరు అని దీన్ని సమర్థించవచ్చు, ముక్కు ద్వారా ఇచ్చింది మరో గ్రాహకం మీద పనిచేసి ఉండవచ్చు అనీ అనవచ్చు. నేను మాత్రం అంతకన్నా సాదా కారణాన్నే నమ్ముతాను. ‘సామాజిక ప్రవర్తన’ అన్న కొలబద్ద ఎటు లాగితే అటు సాగేంత వదులుగా ఉంది. బాలోవాప్టాన్ తర్వాత జరిగిన పెద్ద ట్రయల్స్‌లో గట్టెక్కలేదు.

మందు చేరలేదన్న సాకు

ఈ వైఫల్యాలకు తరచుగా వినిపించే వివరణ ఒకటుంది. ముక్కులోకి కొట్టిన పెప్టైడ్ మెదడుకు చేరేది బహు స్వల్పమనీ, రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని దాటనివ్వదనీ, అందుకే పనిచేయలేదు గానీ సిద్ధాంతంలో లోపం లేదనీ అంటారు. మొదటి సగం నిజమే. ఎడిన్‌బరోలో జీవితమంతా ఆక్సిటోసిన్ నాడీకణాల మీదే పనిచేసిన గారెత్ లెంగ్, మైక్ లుడ్విగ్‌తో కలిసి 2016లో ఈ విషయాన్నే నిర్మొహమాటంగా రాశాడు. అదీగాక, మెదడు ఈ పెప్టైడ్‌లను తనలో తాను విడుదల చేసే తీరు వేరు. గ్లుటమేట్ వంటి మామూలు సంకేత రసాయనాల్లా రెండు కణాల మధ్య సందులో మాత్రమే గాక, కణం దేహం నుంచీ కొమ్మల నుంచీ కూడా వదులుతుంది. వదిలినవి మెల్లగా వ్యాపించి, చాలాసేపు నిలిచి, దూరంగా ఉన్న గ్రాహకాలను కూడా తాకుతాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నది అక్కడి కణాలు నిర్ణయించుకుంటాయి. ముక్కులో స్ప్రే కొట్టడం ఆ పద్ధతికి నకలు కాదు.

కానీ రెండో సగాన్ని, అంటే మందు చేరితే చాలు రోగం తగ్గుతుందన్న నమ్మకాన్ని, నేను ఒప్పుకోలేను. దానికి సబ్‌స్టెన్స్ పి కథే సాక్ష్యం. వాన్ ఆయిలర్, గాడమ్ 1931లో గుర్తించిన ఈ పెప్టైడ్‌లో పదకొండు అమైనో ఆమ్లాలున్నాయని సూజన్ లీమన్ బృందం 1971లో తేల్చింది. దీని గ్రాహకాన్ని అడ్డుకునే మాత్ర డిప్రెషన్‌కు పనిచేస్తోందని మెర్క్ కంపెనీ 1998లో సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడు, సెరటోనిన్ మందుల తర్వాతి యుగం మొదలైందని అందరూ సంబరపడ్డారు. ఇది పెప్టైడ్ కాదు, మెదడులోకి చక్కగా వెళ్ళే చిన్న అణువు. పెట్ స్కాన్‌లలో, మెదడులోని ఆ గ్రాహకాల్లో 90 శాతానికి పైగా అది ఆక్రమించుకుందని కళ్ళారా చూశారు. అంటే చేరాల్సిన చోటికి చేరింది, ఆపాల్సినదాన్ని ఆపింది. అయినా ఆ తర్వాత జరిగిన అయిదు పెద్ద ట్రయల్స్‌లోనూ డిప్రెషన్‌ మీద దాని ప్రభావం ఉత్తుత్తి మాత్రకు మించలేదు. ఇక్కడ చేరలేదన్న సాకు లేదు.

ఆ మందు చెత్తబుట్టలోకి పోలేదు. పేరు అప్రెపిటాంట్. కీమోథెరపీ తర్వాత వచ్చే వాంతులకు 2003లో అమెరికాలో అనుమతి పొందింది, ఇవాళ మన క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ కీమో రోజు వేసుకోమని ఇచ్చే క్యాప్సూల్ అది. మెదడు కాండంలోని వాంతి కేంద్రంలో సబ్‌స్టెన్స్ పికి ఒక స్పష్టమైన పని ఉంది, ఆ పని ఆపితే వాంతి ఆగుతుంది. డిప్రెషన్ అలాంటి పని కాదు.

ఒకసారి జరిగితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. 1981లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో వైలీ వేల్ బృందం గొర్రెల హైపోథాలమస్‌ల (మెదడు అడుగున ఉండే చిన్న భాగం) నుంచి వేరుచేసిన సీఆర్‌ఎఫ్ అనే పెప్టైడ్, శరీరం ఒత్తిడికి స్పందించడాన్ని మొదలుపెట్టే సంకేతం. డిప్రెషన్ రోగుల వెన్ను ద్రవంలో అది ఎక్కువగా ఉందని 1984లో చార్ల్స్ నెమరాఫ్ బృందం చూపింది. జంతువుల్లో సాక్ష్యం బలంగా ఉంది, తర్కం ముచ్చటగా ఉంది, కంపెనీలు దాని గ్రాహకాన్ని అడ్డుకునే మందులను ఒకదాని తర్వాత ఒకటి డిప్రెషన్‌కూ ఆందోళనకూ పరీక్షించి చేతులు కాల్చుకున్నాయి. చివరికి ఆ తరగతి మందుల్లో ఒకటైన క్రినెసర్‌ఫాంట్‌కు 2024 డిసెంబరులో అమెరికా అనుమతి వచ్చింది, అడ్రినల్ గ్రంథులు పుట్టుకతోనే కార్టిసాల్ అనే హార్మోన్‌ను సరిగా చేయలేని ఒక జన్యు వ్యాధికి! అక్కడ సీఆర్‌ఎఫ్ అతిగా కూయడం ఊహ కాదు, వ్యాధి నడిచే దారే అది.

నిద్ర సంగతి వేరేగా ఎందుకు తేలింది

ఇంతవరకూ చదివిన వాళ్ళకు, పెప్టైడ్‌లు శరీరానికి పనిచేస్తాయి, మెదడుకు పనిచేయవు అని నేనంటున్నట్టు తోచవచ్చు. అది నా వాదన కాదు. కాదనడానికి ఓరెక్సిన్ అనే మెదడు పెప్టైడ్ ఒక్కటి చాలు. 1998లో రెండు బృందాలు విడివిడిగా దీన్ని కనుక్కున్నాయి, ఒకరు ఓరెక్సిన్ అన్నారు, ఒకరు హైపోక్రెటిన్ అన్నారు. మరుసటి ఏడాదే స్టాన్‌ఫర్డ్‌లో ఎమాన్యుయేల్ మిన్యో, అక్కడ ఏళ్ళ తరబడి పెంచుతున్న నార్కోలెప్సీ (పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) కుక్కల్లో దీని గ్రాహకం జన్యువు చెడి ఉందని తేల్చాడు. తిండి చూసిన సంబరంతో కాళ్ళు సడలి కూలబడిపోయే డాబర్మన్ కుక్కలవి. అదే ఏడాది మసాషి యానగిసావా బృందం, ఓరెక్సిన్ లేని చిట్టెలుకలు కూడా అలాగే కూలబడటం చూసింది. 2000 నాటికి మనుషుల సంగతీ తేలింది. నార్కోలెప్సీ రోగుల హైపోథాలమస్‌లో ఓరెక్సిన్ చేసే నాడీకణాలు 85 నుంచి 95 శాతం దాకా చనిపోయి ఉన్నాయి. వెన్ను ద్రవంలో ఓరెక్సిన్ మిల్లీలీటరుకు 110 పికోగ్రాములు లేదా అంతకు తక్కువ ఉంటే ఇప్పుడు అదొక నిర్ధారణ పరీక్ష.

మొదటి పరిశీలన నుంచి మనిషి మెదడు దాకా రెండేళ్ళు! ఓరెక్సిన్‌ను అడ్డుకునే సువోరెక్సాంట్ నిద్రలేమికి మందుగా 2014లో వచ్చింది. తిరగేసి, ఓరెక్సిన్ గ్రాహకాన్ని ఉత్తేజపరిచే మాత్రలు నార్కోలెప్సీకి 2025లో పెద్ద ట్రయల్స్‌లో మంచి ఫలితాలిచ్చాయి. ఆక్సిటోసిన్‌కు దక్కనిది ఓరెక్సిన్‌కు ఎలా దక్కింది? ఓరెక్సిన్ గొప్ప అణువు కావడం వల్ల కాదు. నార్కోలెప్సీలో ఫలానా కణాలు చచ్చిపోతాయి, ఫలానా పదార్థం కొరవడుతుంది, ఫలానా పని, అంటే మెలకువను నిలిపి ఉంచడం, దెబ్బతింటుంది. మెలకువను గడియారం పెట్టి కొలవచ్చు, తల్లి నింపే ప్రశ్నపత్రం అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ రోగులకు నిద్రలోకి జారేటప్పుడు మనుషులు కనబడటం, గొంతులు వినబడటం మామూలు. కొందరికి స్కిజోఫ్రీనియా అన్న ముద్ర పడి, దానికి మందులు మింగిన దాఖలాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మన ఇళ్ళలో అయితే క్లాసులో తూలే పిల్లాడికి పడే ముద్ర సోమరి అన్నదే. అంటే ఒక పెద్ద, కలగాపులగపు పేరు కింద దాక్కున్న ఒక చిన్న, కచ్చితమైన వ్యాధిని పెప్టైడ్ పరిశోధన బయటికి లాగింది. నాకు ఈ పరిశోధన మీద ఉన్న గౌరవమంతా ఇక్కడుంది. అది పాత పేర్లకు మందు తెచ్చినప్పుడు కాక, పాత పేరును చీల్చినప్పుడే గెలిచింది.

వోల్‌లలో గ్రాహకాలు వెతికిన థామస్ ఇన్సెలే 2002 నుంచి 2015 దాకా అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు అధిపతిగా ఉన్నాడు. డిప్రెషన్, స్కిజోఫ్రీనియా వంటి పేర్లు లక్షణాల గుంపులే తప్ప జీవశాస్త్రం నిర్ధారించిన వ్యాధులు కావని 2013లో బాహాటంగా రాసి, పరిశోధనను ఆ పేర్ల చుట్టూ కాక భయం, ప్రతిఫలం, జ్ఞాపకం, మెలకువ వంటి పనుల చుట్టూ నడపాలన్నాడు. పదవి వదిలాక, 2017లో, తన హయాంలో ఖర్చయిన దాదాపు 20 బిలియన్ డాలర్లతో మంచి శాస్త్రవ్యాసాలు వచ్చాయి గానీ ఆత్మహత్యలూ ఆసుపత్రి చేరికలూ తగ్గలేదని తానే చెప్పాడు. ఈ మాటను పట్టుకుని మెదడు పరిశోధనే దండగ అనే వాళ్ళున్నారు. ఒత్తిడినీ పేదరికాన్నీ ఒంటరితనాన్నీ వదిలేసి అణువుల వెంట పడటం ఏమిటన్న వాళ్ళ ప్రశ్నలో నిజం ఉంది. మా చెల్లెలికి ఆ పిల్లాణ్ణి చేర్చుకునే మామూలు బడి దొరకడం ఏ స్ప్రే కన్నా ఎక్కువ మేలు చేసింది. కానీ ఇలాంటి పరిశోధనకు డబ్బే లేకపోతే నార్కోలెప్సీ కుక్కలు ఇప్పటికీ వింత కుక్కలుగానే ఉండిపోయేవి.

నా వాదనకు అడ్డం వచ్చేవి

మానసిక వ్యాధుల్లో పెప్టైడ్ వ్యవస్థల మీద పనిచేసే మందు ఒక్కటీ లేదా అంటే, ఉంది. 1975లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పంది మెదడుల నుంచి ఎన్‌కెఫలిన్‌లను వేరుచేసి, మార్ఫిన్ లాంటివి మెదడులోనే తయారవుతాయని చూపించారు. ఆ పెప్టైడ్‌లు దిగే గ్రాహకాన్ని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ 1994 నుంచి మద్యం వ్యసనానికి అనుమతి పొందిన మందు, మన డీ-అడిక్షన్ కేంద్రాల్లోనూ రాస్తారు. దాని మేలు మోస్తరుదే, అందరికీ పనిచేయదు, కానీ ట్రయల్స్‌లో నిలబడింది. వ్యసనం కూడా డిప్రెషన్ అంత కలగాపులగమైన పేరే కదా, మరి ఇక్కడ ఎలా పనిచేసింది అని అడిగితే, తాగిన ఆనందం అనే ఒక పనిని ఈ మందు తాకుతోందనీ, తాగిన పెగ్గులను లెక్కపెట్టవచ్చనీ నేను జవాబు చెప్తాను. ఆ జవాబు పూర్తిగా సరిపోతుందని నాకే నమ్మకం లేదు. తాగేవాళ్ళందరూ ఆనందం కోసం తాగరు.

ఇప్పుడు ఆ చోటికే మరో పెప్టైడ్ వస్తోంది. బరువు తగ్గడానికి హైదరాబాదు, విజయవాడల్లో డబ్బున్న వాళ్ళు వారానికోసారి పొడుచుకుంటున్న సెమాగ్లుటైడ్, జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్‌కు అనుకరణ. జీఎల్‌పీ-1 మన పేగుల్లోనూ, మెదడు కాండంలోనూ తయారవుతుంది. సెమాగ్లుటైడ్ సూది మొదలుపెట్టాక మద్యం మీద ధ్యాస తగ్గిందని చాలామంది చెప్పుకోవడంతో, అప్పుడే దీన్ని కోరికల హార్మోన్‌గా, అన్ని వ్యసనాలకూ విరుగుడుగా వర్ణించే వ్యాసాలు మొదలయ్యాయి. అల్జీమర్స్ మీద సెమాగ్లుటైడ్‌ను పరీక్షించిన రెండు పెద్ద ట్రయల్స్ 2025 నవంబరులో విఫలమయ్యాయి. మద్యం మీద అదే ఏడాది వచ్చిన తొమ్మిది వారాల ట్రయల్‌లో 48 మందే ఉన్నారు. అందులో సెమాగ్లుటైడ్ వేసుకున్న వాళ్ళు తాగిన రోజున తాగే మోతాదు తగ్గింది, తాగాలన్న కోరికా తగ్గింది, తాగిన రోజుల సంఖ్య మాత్రం తగ్గలేదు. గ్లాసు పట్టుకోవాలన్న నిర్ణయం ఒక పని, పట్టుకున్నాక ఎక్కడ ఆపాలన్నది మరో పని అనీ, ఈ పెప్టైడ్ రెండోదాన్నే తాకుతోందనీ ఆ ఫలితం సూచిస్తూ ఉండవచ్చు. వందల మందితో జరిగే ట్రయల్స్‌లోనూ ఈ తేడా నిలిస్తే, కోరికల హార్మోన్ అన్న పేరు కన్నా అది చాలా పనికొచ్చే సమాచారం.